గాలి అర

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు. మా ఇంట్లో ఇది మూడేళ్ళు తిరుగులేని సంగతి. బయట అందరికీ ఇప్పటికీ తెలిసింది ఇదే.

ఆ రోజు పొద్దున ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చింది. నేను రిజర్వాయరు అవతలి ఒడ్డున కలప డిపోలో పనిలో ఉన్నాను. వాడు ఆమెను మా ఫైబర్ పడవలో పడుకోబెట్టుకుని బయలుదేరాడు. నలభై నిమిషాల దారి. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఫోను రాగానే నేను అటువైపు రేవులో ఆటో ఆపించి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. పడవ ముక్కు నీళ్ళలోకి దించుకుని, మొరాయిస్తున్న గేదెను ఈడ్చుకొస్తున్నట్టు వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. అరగంట ముందు తెచ్చి ఉంటే బతికేదేమో అన్నాడు.

"ఇంజన్ మొత్తం తిప్పాను బావా. పడవ కదల్లేదు," అన్నాడు నా బామ్మర్ది.

పడవ కదల్లేదట. గాలి లేదు, అల లేదు, ఇంజన్ కొని ఏడాది కాలేదు. ఇంజన్ ఎక్కడ వేడెక్కి ఆగిపోతుందోనని భయపడి నెమ్మదిగా నడిపాడు. వాడి తీరు నాకు తెలుసు. వాడు కంచం ముందు కూర్చుంటే మిగతా వాళ్ళు తిని, కడుక్కుని, ఒక కునుకు తీసి లేవచ్చు. ఆమెను సాగనంపిన మర్నాడు పడవను షెడ్డులోకి లాగించి తాళం వేశాను. ఇక నీ మొహం నాకు చూపించకు అని చెప్పాను. చూపించలేదు.

మా అమ్మాయి మాత్రం వాడి దగ్గరికి వెళ్ళి వస్తూనే ఉండేది. నేను వద్దనలేదు, ఎలా ఉన్నాడని అడగలేదు.

మా అమ్మాయి అవతలి ఒడ్డు బడిలో టీచరు. ఈ ఒడ్డు నుంచి తొమ్మిది మంది పిల్లలు కూడా ఆ బడికే పోతారు. అందరినీ దాటించే పాత లాంచీ, నా భార్య పోయిన మూడేళ్ళకు, వేసవి మొదట్లో ఆగిపోయింది. లాంచీ అతను దాన్ని అమ్మేసి వెళ్ళిపోయాడు. బస్సులో చుట్టూ తిరిగి వెళ్ళాలంటే మూడు గంటలు. బడి తెరవడానికి ఏడు వారాలుంది.

"షెడ్డు తాళం ఇవ్వు నాన్నా," అంది.

"అది పనికిరాదు."

"పనికొచ్చేలా చేద్దాం. లేకపోతే ఆ తొమ్మిది మందీ బడి మానేస్తారు. నేను ఉద్యోగం మానేస్తాను. నువ్వూ నేనూ ఎదురెదురుగా కూర్చుని గోడలు చూసుకుందాం."

తాళం ఇచ్చాను.

పడవ పక్కల నిండా సన్నని పగుళ్ళు. ముందు కుడి పక్కన జానెడు పగులు ఒకటి వేలు దూరేంత లోతుగా ఉంది. నేను పుట్టీ తెచ్చి అన్నింటి మీదా మెత్తాను. ఉప్పు కాగితంతో రుద్దాను. నీలం రంగు వేశాను. కొత్త పడవలా కనిపించింది. పిల్లల్ని ఎక్కించే పడవకు లైసెన్సు కావాలి కాబట్టి ఆఫీసరు వచ్చాడు. జేబులోంచి నాణెం తీసి పడవ చుట్టూ తిరుగుతూ టక్కుటక్కుమని కొట్టాడు. తరవాత వేలి గోరుతో నా పుట్టీని గీరాడు. పెచ్చుగా ఊడి వచ్చింది.

"ఇది మరమ్మతు కాదు పెద్దాయనా, పౌడరు," అన్నాడు.

కూర్చుని మా అమ్మాయికి వివరంగా చెప్పాడు. పడవలో గాలి అరలు మూడు ఉంటాయి. ముక్కులో ఒకటి, మధ్య బల్ల కింద ఒకటి, వెనక ఒకటి. అన్ని వైపులా మూసి ఉండాలి, చుక్క నీరు దూరకూడదు. అవి సరిగా ఉంటే పడవ తిరగబడినా మునగదు, పిల్లలు పట్టుకుని తేలుతూ ఉండచ్చు. అవి సరిగా లేకపోతే తను సంతకం పెట్టడు. ఫైబర్ పని తెలిసినవాణ్ణి పెట్టుకోమని చెప్పి వెళ్ళాడు.

చుట్టుపక్కల ఫైబర్ పని తెలిసినవాడు ఒక్కడే, నా బామ్మర్ది. ఫైబరుతో నీళ్ళ ట్యాంకులు అచ్చు పోస్తాడు. ఒకప్పుడు పడవలు పోశాడు. నన్ను అడక్కుండానే మా అమ్మాయి వాణ్ణి తీసుకొచ్చింది.

వాడు భుజాన సంచీ, చేతిలో ఫైబరు కోసే గ్రైండరు పట్టుకుని గేటు దగ్గర ఆగిపోయాడు. జుట్టు సగం నెరిసింది. నేను వాకిట్లో కుర్చీలో కూర్చున్నవాణ్ణి లేవలేదు.

"పని షెడ్డులో. వాకిట్లో కాదు," అన్నాను మా అమ్మాయితో.

"వింటున్నాడుగా నాన్నా. నేరుగానే చెప్పచ్చు."

"నేను నీతో మాట్లాడుతున్నాను."

వాడు చెప్పులు విడిచి షెడ్డులోకి వెళ్ళాడు.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకడు జిగురులా ఉండే రెసిన్‌లో గట్టిపరిచే మందు కలిపి ఇవ్వాలి, ఇంకొకడు గాజు నార పరిచి దాని మీద పూయాలి. కలిపినది పావుగంటలో గట్టిపడుతుంది కాబట్టి ఒక్కడే రెండూ చెయ్యలేడు. మా అమ్మాయికి పగటిపూట పరీక్ష పేపర్లు దిద్దే పని. అలా నేను కలిపేవాణ్ణి అయ్యాను.

వాడు ముందు నా నీలం రంగంతా గీకేశాడు. తరవాత ఒక్కొక్క పగులునూ గ్రైండరుతో వెడల్పు చేశాడు. వెంట్రుకంత పగులును వేలంత చేస్తుంటే నాకు ఒళ్ళు మండింది. పగులు రెండు కొసల్లోనూ సన్నని చిల్లు పెట్టాడు. అలా పెడితే అది ఇంకా ముందుకు పాకదట. నాకు చెప్పలేదు. సాయంత్రం మా అమ్మాయి అడిగితే ఆమెకు చెప్పాడు. ఆమె లేని సమయంలో మేమిద్దరం గోడకున్న క్యాలెండరుతో మాట్లాడేవాళ్ళం. "కప్పు కావాలి" అని వాడు క్యాలెండరుకు చెబితే నేను కప్పు పెట్టేవాణ్ణి. "ఎంత కలపాలి" అని నేను దాన్ని అడిగితే వాడు జవాబు చెప్పేవాడు.

మూడో రోజు ఎండ బాగా ఉంది. నేను గట్టిపరిచే మందు లెక్కకు మించి పోశాను. రెసిన్ కప్పులోనే ఉడికి, పొగలు కక్కి, ప్లాస్టిక్ కప్పు వంకరపోయింది. అప్పుడే మా అమ్మాయి వచ్చింది.

"మీ నాన్న ఇందులో కోపం కూడా రెండు చెంచాలు వేసినట్టున్నాడమ్మా," అన్నాడు వాడు.

ఆమె నవ్వింది. ఆ షెడ్డులో మూడేళ్ళ తరవాత ఎవరో నవ్వారు. "మామయ్యా, నువ్వు ఊరుకో, అసలే పొగ వస్తోంది," అంది. నేను కప్పు తీసుకెళ్ళి బయట పారేశాను.

రెండో వారంలో పగుళ్ళ పని అయింది. పడవ ముక్కు మీదకు వచ్చాం. అక్కడ పైన ఒక ఇనుప కమ్మీ ఉంది. పడవ ఎక్కేటప్పుడు చేత్తో పట్టుకోవడానికి. గ్రైండరు ఆడాలంటే దాన్ని విప్పాలి.

ఆ కమ్మీ నేను పెట్టింది. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు. పడవ ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందివ్వాలి. ఆమెకు అది నామోషీ. తమ్ముణ్ణి అడిగితే ఆదివారం వచ్చి కింద చెక్క వేసి, గమ్ పెట్టి బిగిస్తానన్నాడు. వాడి ఆదివారాలు నాకు తెలుసు. డిపోలో డ్రిల్లు అడిగి తెచ్చి నేనే బిగించాను. ఆమె పట్టుకుని ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. "కుర్చీ కూడా వేయించకపోయారా, మహారాణిలా కూర్చునేదాన్ని," అంది. ఆ తరవాత చెయ్యి కోసం ఎవరినీ చూడలేదు.

వాడు స్క్రూలు విప్పాడు. నాలుగూ తుప్పు పట్టి, తడి మట్టి రంగులో వచ్చాయి. వాటిని డబ్బా మూతలో వేసి, చిల్లుల మీద బొటనవేలు పెట్టి తడిమాడు. తరవాత స్క్రూడ్రైవరు పిడితో ముక్కు చుట్టూ కొడుతూ వచ్చాడు. మిగతా పడవ గట్టిగా, పొడిగా పలికింది. ముక్కు మాత్రం నిండు డ్రమ్ములా మూలిగింది. ఆ రోజంతా మరి హాస్యాలు లేవు.

మర్నాడు ముక్కు అర వెనక గోడను కోశాడు. బియ్యం డబ్బా మూత అంత గుండ్రం. గ్రైండరు లోపలికి దిగగానే నీళ్ళు బయటికి వచ్చాయి. నల్లగా, కుళ్ళిన నాచు వాసన. బకెట్టు నిండింది, ఇంకొక బకెట్టు నిండింది. తరవాత, పడవ తేలడానికని లోపల కుక్కి ఉన్న ఫోమ్ ముక్కలు లాగాడు. తేలికగా ఉండాల్సినవి. ఒక్కొక్కటీ నానబెట్టిన బొంతలా రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. నాలుగు గోనె సంచులయ్యాయి. ఒక సంచిని మేమిద్దరం పట్టుకుని లేపలేక కింద పెట్టేశాం.

నేను ఆ సంచుల్ని చూస్తూ నిలబడ్డాను. షెడ్డుకు పైకప్పు ఉంది. మూడేళ్ళలో ఆ పడవ మీద చుక్క వాన పడలేదు, తాళం నా దగ్గరే ఉంది. ఆ నీళ్ళు అప్పటివే. ఇంత బరువు ముక్కున పెట్టుకుని ఆ రోజు పడవ ఎలా వచ్చిందో నా కళ్ళకు మళ్ళీ కనిపించింది. పడవ కదల్లేదని వాడు చెప్పింది నిజమే. ఎందుకు కదల్లేదో చెప్పలేదు. ఎక్కడో పడవను పగలగొట్టి దాచిపెట్టాడు. దొరికాడు అనుకున్నాను. చెప్పాలంటే, సంతోషమే కలిగింది.

మూడేళ్ళలో మొదటిసారి వాడి మొహం చూసి మాట్లాడాను.

"నువ్వు దీన్ని రాయికి కొట్టావు. కొట్టి, ఎవరికీ చెప్పలేదు."

వాడు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. వేలువేలూ తుడుచుకున్నాడు.

"అయ్యుండచ్చు బావా," అన్నాడు.

తరవాత, లోపల తుడవడానికి పాత గుడ్డలు కావాలి, ఇంట్లోంచి తెమ్మన్నాడు. ఈ అర పని తనొక్కడే చూసుకుంటానని, రెసిన్ తనే కలుపుకుంటానని కూడా అన్నాడు. నన్ను పంపించి ఆ పగులును పూడ్చేస్తాడని నాకు అర్థమైంది. గుడ్డలు తెచ్చేసరికి వాడు బోరింగు దగ్గర బకెట్లు కడుగుతున్నాడు. నేను చప్పుడు చెయ్యకుండా షెడ్డులోకి వెళ్ళి, పడవలో పాకి, ఆ గుండ్రంలో తల, భుజాలు దూర్చాను. పగులు నా కళ్ళతో చూడాలి, మా అమ్మాయిని పిలిచి చూపించాలి.

నా ఒంటితో దారి మూసుకుపోయేసరికి లోపల చీకటి అయింది. చేత్తో కింద తడిమాను. గట్టిగా ఉంది. పక్కలు తడిమాను. ఎక్కడా పగులు లేదు. కుడి పక్క జానెడు పగులు కూడా లోపలి దాకా రాలేదు. ఊపిరి తీసుకోవడానికి వెల్లకిలా తిరిగాను.

పైన నాలుగు వెలుగు చుక్కలు కనిపించాయి. పెసరగింజంత. ఇటు రెండు, అటు రెండు. మధ్య దూరం నేను కొలవక్కర్లేదు. కమ్మీ పెట్టిన రోజు పెన్సిలుతో గుర్తు పెట్టింది నేనే. డ్రిల్లు ఒక్కసారిగా లోపలికి జారిపోయినప్పుడు కింద ఖాళీ ఉందని నాకు తెలిసింది. చిన్న స్క్రూ, ఏమవుతుందిలే అనుకున్నాను. నీరు దిగకుండా ఆపే గమ్ లేదు, చెక్క లేదు. తరవాత, ఆమె పోయేలోపు, మూడు వానాకాలాలు ఆ ముక్కు మీద కురిశాయి.

బయటికి వచ్చేసరికి వాడు బకెట్లు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"గుడ్డలు తెచ్చావా బావా?"

"అక్కడున్నాయి."

వాడు గుడ్డ తీసుకుని, నేను వచ్చిన చోటే లోపలికి దూరి తుడవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం భోజనానికి మా అమ్మాయి వచ్చింది. గోనె సంచులు చూసింది. సంచి ఒకదాన్ని కాలితో నెట్టి చూసింది, అది కదల్లేదు. ఆమె లెక్కలు చెప్పే టీచరు. నాలుగు సంచులూ రెండు బకెట్లూ కలిపితే ఎంతవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇవి ముక్కులోవా? ఇన్ని నీళ్ళు ఎలా వచ్చాయి?"

నేను మంచినీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని ఉన్నాను.

"నేనే రాయికి కొట్టానమ్మా," అన్నాడు వాడు. "అక్క పోయిన ఏడు, వేసవిలో. భయపడి చెప్పలేదు."

ఆమె వాడికి ఎదురుగా వచ్చి నిలబడింది. "అంటే ఆ రోజు పడవ రాకపోవడం... నాన్న చెప్పిందే నిజమా?"

"మీ నాన్న అబద్ధం ఎందుకు చెబుతాడమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. నేను నీళ్ళు తాగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను. ఆమె ఇంట్లోకి వెళ్ళి ఇద్దరికీ కంచాలు పెట్టింది. ఎప్పుడూ మాతో కూర్చునేది, ఆ రోజు కూర్చోలేదు. కొంతసేపటికి గుమ్మంలోంచే వాణ్ణి అడిగింది, "మీకు ఇంకొంచెం వడ్డించనా?" అని.

వాడి మెడ కొంచెం వంగింది. పుట్టినప్పటి నుంచీ మామయ్యను నువ్వు అని పిలిచిన పిల్ల. వాడి భుజాల మీద పెరిగింది. నాకు గిట్టదని తెలిసీ మూడేళ్ళు వాడి గుమ్మం తొక్కింది. "చాలమ్మా," అన్నాడు.

మిగతా పని పది రోజుల్లో అయింది. కొత్త ఫోమ్ పెట్టలేదు. బడి పిల్లలు ఇంటింటా తిరిగి మూతలున్న ఖాళీ నీళ్ళ సీసాలు పోగేసి తెచ్చారు. వాడు ఒక్కొక్క మూతా గట్టిగా తిప్పి, అర నిండా పేర్చాడు. ఎప్పుడైనా నీరు దూరినా సీసాల్లో గాలి సీసాల్లోనే ఉంటుందట. కోసిన గుండ్రాన్ని మళ్ళీ పెట్టి మూడు పొరలు వేసి మూశాడు. కమ్మీ తిరిగి పెట్టాలా వద్దా అని ఎవరూ అనకముందే మా అమ్మాయి, అమ్మ కమ్మీ ఎక్కడ ఉండేదో అక్కడే ఉండాలి అంది.

కమ్మీ వచ్చే చోట పాత చిల్లుల మీద అంగుళం మందాన కొత్తగా పొరలు పోసి, అవి ఆరాక, వాడు నాలుగు స్టీలు బోల్టులు, గమ్ ట్యూబు నా ముందు పెట్టాడు.

"ఇది నువ్వు బిగించు బావా."

మా అమ్మాయి ఇంట్లో ఉంది. నేను ట్యూబు మూత తీశాను.

"ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"నువ్వే అన్నావుగా, రాయికి కొట్టానని."

"సరిగా చెప్పు."

వాడు కమ్మీని పట్టుకుని నిలబెట్టాడు, నేను బోల్టు దించడానికి వీలుగా. "ఇది పెట్టాక అక్క నన్ను పిలిచి చూపించింది. నువ్వు ఆదివారం ఆదివారం అంటూ ఉండు, మా ఆయన చూడు అంది. రేవులో ఎంతమందికి చూపించిందో నీకు తెలియదు. రేపు బడి తెరిచాక ఈ పిల్ల దీన్నే పట్టుకుని రోజూ ఎక్కుతుంది. దీనివల్లే అని ఆమెకు ఎలా చెప్పమంటావు?"

నేను గమ్ పెట్టి ఒకటో బోల్టు బిగించాను. రెండోది బిగించాను. మూడోది. నాలుగోది బిగించాక, గమ్ పక్కలకు ఉబికి వస్తే వేలితో తుడిచాను.

సంతకానికి ఆఫీసరు వచ్చినప్పుడు వాడు ముక్కు అరకు సైకిలు పంపు తగిలించి గాలి కొట్టాడు. అంచుల చుట్టూ, బోల్టుల చుట్టూ సబ్బు నురగ పూశాడు. అందరం వంగి చూశాం. నురగ నురగలాగే ఉంది. ఎక్కడా బుడగ లేవలేదు. ఆఫీసరు నాణెంతో కొట్టి విని, ఇది ఎవరి పని అని అడిగాడు. "వీళ్ళిద్దరిదీ" అంది మా అమ్మాయి.

నీళ్ళలోకి దించిన రోజు ముగ్గురం వెళ్ళాం. వాడు ఇంజన్ దగ్గర, నేను మధ్య బల్ల మీద, ఆమె ముందు, కమ్మీ పక్కన. నేను చేతి గడియారం చూశాను. పడవ ముక్కు ఎత్తుకుని పోయింది. అవతలి రేవుకు ముప్పై ఆరు నిమిషాలు.

"ఇంజన్ సగమే తిప్పానమ్మా," అన్నాడు వాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. గాలికి వినపడలేదేమో. వినపడిందనే నేను అనుకున్నాను.

వాడు ఆ రోజే సంచీ సర్దుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ట్యాంకులు పోసుకుంటున్నాడని విన్నాను. మా అమ్మాయి కూడా ఇప్పుడు వెళ్ళడం లేదు. నా తప్పు తన నెత్తిన వేసినందుకు నన్ను వాడు ఎప్పుడో క్షమించేసి ఉంటాడు, వాడి తీరే అంత. నేను వాణ్ణి క్షమించలేదు. నన్ను అడక్కుండా నా తప్పు మోసుకుపోయాడు. నాకు చెప్పడానికి ఏమీ మిగల్చలేదు.

రోజూ ఎనిమిది గంటలకు పడవ కదులుతుంది, నడిపేది నేనే. తొమ్మిది మంది పిల్లలు ఒక్కొక్కరే ఆ కమ్మీ పట్టుకుని ఎక్కుతారు. ఆఖరున ఆమె ఎక్కుతుంది. బడి తెరిచిన మొదటి వారంలో ఒక రోజు, ఒక కాలు పడవలో, ఒక కాలు మెట్టు మీద ఉండగా ఆగింది.

"మామయ్య అంత పని చేసి ఎలా దాచాడు నాన్నా? దాచే మనిషేనా?"

"బడికి వేళవుతోంది, ఎక్కు," అన్నాను.

ఎక్కింది. నేను తాడు విప్పాను.

ఆ తరవాత ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తాడు విప్పాను. ఇప్పుడు అడగడం మానేసింది. ముక్కు అర మూసి ఉంది, మూడు పొరలు వేసి మూశాం. దాని సంగతి ఇక ఎవరడిగినా నేను మాట్లాడను.